ఎనభై మాత్రమే

అంకెను అక్షరాల్లో రాశాక చివర "మాత్రమే" అని రాయాలి. రాయకపోతే ఆ ఖాళీలో ఎవరైనా ఇంకో మాట చేర్చవచ్చు. "ఇరవై" అని రాసి వదిలేస్తే దాన్ని "ఇరవై ఐదు" చేయడానికి ఒక్క క్షణం చాలు. మిర్యాలగూడ పక్క ఊళ్ళో ఒక కమిటీ నడిపే బడిలో నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు హెడ్మిస్ట్రెస్‌ని; ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. ఆ కాలమంతా నా దగ్గర చదివిన పిల్లలకూ, నా కింద పనిచేసిన గుమస్తాకూ ఈ నియమం నూరిపోశాను. మార్జిన్ గీత దాటి రాసిన పిల్లల చేతుల మీద స్కేలుతో ఎన్ని దెబ్బలు వేశానో ఆ ఒక్క లెక్కే పెట్టుకోలేదు. మిగతావన్నీ డైరీల్లో ఉన్నాయి.

అందుకే ఈ సంగతి రోజుల వారీగా చెప్పగలను.

జులై నెల, మంగళవారం, పొద్దున ఏడుంబావు. నాట్ల కాలం. ఆ వేళకు కూలికి పోయే ఆడవాళ్ళెవరూ ఊళ్ళో కనిపించరు. అలాంటిది నా పాత విద్యార్థిని ఒకతి మిర్యాలగూడలో మా ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడింది. వేములపల్లి అవతలి ఊరు ఆమెది. ఏడో తరగతిలో భిన్నాలు బాగా చేసేది, పదితో ఆగిపోయింది. వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయా మానేస్తే రెండేళ్ళుగా ఈమే పిల్లల ముక్కులు తుడిచి, గుడ్లు ఉడకబెట్టి పెడుతోంది. ఇప్పుడు ఆ ఉద్యోగం పక్కాగా వేయడానికి దరఖాస్తులు అడిగారు. ముప్పై ఐదేళ్ళు నిండకూడదు. ఆమెకు నవంబరులో నిండుతాయి. ఇది తప్పితే ఆమెకు ఇంకో అవకాశం లేదు.

"టీచర్, నేను ఎనభైల పుట్టిన్నా?" అంది.

"ఎనభై తొమ్మిదిలో. నవంబరు పదకొండు. ఎందుకు?"

"నలభై మూడేండ్లు అంటుండ్రు టీచర్ ఆఫీసోళ్ళు. నా కాయితం చూసి నా మొకం దిక్కు చూసిండ్రు. 'గింత మోసమా' అన్నడు ఒకాయన."

కాగితం ఇచ్చింది. మా బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్. కంప్యూటర్‌లో తీసిన ప్రింటు, కింద ముద్ర, సంతకం. పుట్టిన తేదీ అంకెల్లో సరిగ్గానే ఉంది. దాని పక్కన అక్షరాల్లో రాయడానికి మూడు గడులు: రోజు, నెల, సంవత్సరం. సంవత్సరం గడిలో "పంతొమ్మిది వందల ఎనభై" అని అచ్చయింది. ఆ వెంటనే నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతతో "మాత్రమే" అని ఉంది.

ఆ చేతిరాత నాకు తెలుసు. దాన్ని దిద్దించింది నేనే.

ఆ రోజే పదింటికి ఆమెతో కలిసి ఆఫీసుకు వెళ్ళాను, ఆ మోసం మాట అన్నాయనను నిలదీద్దామని. ఆయన నా మాట పూర్తిగా విని, కాగితం నా వైపు తిప్పి పెట్టాడు. "మేడం, మీరు లెక్కల టీచర్ అంటున్నరు. అంకెలకు అక్షరాలకు తేడా వస్తే మీరు దేన్ని పట్టుకుంటరు?"

"అక్షరాలను," అన్నాను. ఇంకేమనను? నేను కూడా అదే పట్టుకుంటాను.

"నేను గూడ గదే జేసిన. ఇగ దిద్దుబాట్లు చెల్లయి. చేతిరాత చెల్లది. కంప్యూటర్ ప్రింటే కావాలె. శుక్రవారం ఐదు గంటల దాక టైముంది."

మోసం అన్న మాట గురించి అడిగితే, "అన్నది నిజమే, తప్పయింది," అని ఆమె వైపు తిరిగి అన్నాడు. అలా ఒప్పుకునేసరికి నా కోపానికి నిలబడే చోటు లేకపోయింది. దాన్ని మోసుకుని బడికి వెళ్ళాను.

గుమస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. యాభై దాటినా నేను వస్తే ఇంకా లేస్తాడు. కాగితం బల్ల మీద పెట్టి, "ఇదేమిటి?" అన్నాను.

చదివాడు. మళ్ళీ చదివాడు. "మేడం... ప్రింటులో ఎనభై తర్వాత మూడు చుక్కలు వచ్చినయి. చుక్కలుంటే బాగుండదని తెల్ల సిరా పూసిన. ఖాళీ అయింది. ఖాళీ వదలొద్దని మీరే చెప్తిరి గదా. అందుకని మాత్రమే పెట్టిన."

"రిజిస్టరు చూడలేదా?"

"కంప్యూటర్ గదా మేడం, అదెందుకు తప్పు రాస్తదనుకున్న."

నేను నేర్పిన నియమమే నా పాత విద్యార్థిని మీద తలుపు వేసింది. చుక్కలను ఉండనిచ్చి ఉంటే, ఇక్కడేదో మిగిలి ఉందని ఆఫీసులో ఎవరికైనా అనుమానం వచ్చేది.

"మళ్ళీ తీయి," అన్నాను.

తెర మీద ఆ ప్రోగ్రాం తెరుచుకుంది. ఇంటర్నెట్టులో నడిచేది కాదు. నేరుగా కంప్యూటర్‌లోనే ఉండేది, జావా అనే భాషలో రాసినదని తర్వాత తెలిసింది. మూడేళ్ళ కిందట ఎవరి చేతనో రాయించారు. తెర మీద ఎలా కనిపిస్తుందో కాగితం మీద అలాగే అచ్చు వేస్తుంది. ఆమె పేరు కొట్టగానే సంవత్సరం గడిలో ప్రత్యక్షమైంది: పంతొమ్మిది వందల ఎనభై, పక్కన మూడు చుక్కలు.

"మరి ఆ తొమ్మిది లోపల లేదా?"

గుమస్తా ఇంకో పేజీ తెరిచాడు. అక్కడ నిక్షేపంగా ఉంది, "ఎనభై తొమ్మిది". దానికి తెలుసు. చెప్పడానికి చోటు లేదని మానేసింది! ఒంటికి నిప్పంటుకున్నట్టయింది నాకు. తెలియనివాడు తప్పు చెబితే దిద్దవచ్చు. అంతా తెలిసి సగం చెప్పి చుక్కలు పెట్టేవాణ్ణి ఏం చేయాలి?

విండోను మౌస్‌తో పట్టి లాగమన్నాను. విండో పెద్దదైంది. గడి మాత్రం అంగుళం కూడా కదల్లేదు. చుట్టూ బూడిదరంగు ఖాళీ మైదానంలా పరుచుకుంది. ఎకరం స్థలం పెట్టుకుని ఆ గడి మాత్రం ఎడమ మూలన, తెగిన సంవత్సరాన్ని పట్టుకుని కూర్చుంది.

కాగితం తీసుకుని అక్షరాలు లెక్కపెట్టాను. ఆ గడిలో పది అక్షరాలు, మూడు చుక్కలు పట్టాయి. "పంతొమ్మిది" నాలుగు, "వందల" మూడు, అప్పటికే ఏడైపోయాయి. మిగిలిన చోటు మూడక్షరాలు. "ఎనభై" సరిగ్గా మూడు. ఆ తర్వాత తెగింది. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల సంగతి చూడండి. "రెండు వేల పది" ఆరు. అందరికంటే పొడుగైన "రెండు వేల పద్దెనిమిది" కూడా తొమ్మిదే. ఏ పిల్ల సంవత్సరమూ తెగదు. అందుకే మూడేళ్ళుగా ఎవరికీ కనపడలేదు. ఆ గడి కొలతలు తీసినవాడు రెండు వేల తర్వాత పుట్టినవాళ్ళకు మాత్రమే కొలిచాడు. పంతొమ్మిది వందల్లో పుట్టిన మేమంతా ఆయన దృష్టిలో ఇంకెప్పుడూ ఏ కాగితం అడగం.

ఇంకో విషయం కూడా ఆ లెక్కలో తేలింది. "డెబ్బై ఆరు" అయితే "డెబ్బై ఆ" అని మధ్యలో తెగుతుంది. అలాంటివి గుమస్తా చేత్తో పూర్తి చేశాడట. మూడక్షరాల పదులున్నాయే, నలభై, అరవై, ఎనభై, అవే సరిగ్గా మాట చివర తెగి, నిండు మాటలా కనిపించి మోసం చేశాయి.

"ఈ ప్రోగ్రాం రాసిందెవరు?"

గుమస్తా దగ్గరున్న నంబరుకు ఫోను చేస్తే అది వాడుకలో లేదని వచ్చింది. ప్రోగ్రాం తెరిచేటప్పుడు ఒక మూల సూర్యాపేట చిరునామా కనిపిస్తుంది. అది రాసుకున్నాను.

బుధవారం ఏడు ఇరవై బస్సుకు సూర్యాపేట వెళ్ళాను. చిరునామాలో ఉన్న దుకాణం మడిగెలో కంప్యూటర్లు లేవు, కుట్టు మిషన్లున్నాయి. నలభై ఐదేళ్ళ లేడీస్ టైలరొకాయన మెడలో టేపు వేసుకుని జాకెట్టు విప్పుతున్నాడు.

"గా కంప్యూటర్ సారా? కోదాడకు పోయి రెండేండ్లాయె. గాడనే కాలేజీల చెప్తడంట. కూసోండమ్మా, నంబరిస్త."

ఆయన నంబరు వెతికేలోపు నేను విప్పుతున్న జాకెట్టునే చూస్తూ కూర్చున్నాను. కుట్టు విప్పితే లోపల రెండు వైపులా అంగుళమున్నర గుడ్డ మడిచి ఉంది.

"ఇంత గుడ్డ లోపల ఎందుకు వదిలారు?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఎందుకేందమ్మా, రేపు మనిషి లావు గాదా? పెండ్లినాటి కొల్తలే జిందగీ అంతా ఉంటయా? లోపల వదలకుంట కుట్టినోడు టైలరే గాడు. మా ఉస్తాదైతే గట్ల కుడితే కత్తెర గుంజుకుంటుండె."

ఈ మాట డైరీలో రాసుకున్నాను. సూర్యాపేట పోయినందుకు ఆ రోజు నాకు దక్కింది ఆ ఒక్క మాట, ఒక నంబరు. ఫోను చేస్తే కోదాడ ఆయన మర్యాదగా మాట్లాడాడు. "వచ్చే సోమవారం సూర్యాపేట వస్తున్నానండి, అప్పుడు చూద్దామా?"

"శుక్రవారం ఐదింటికి గడువు. రేపు నేనే కోదాడ వస్తాను," అన్నాను.

"ఈ ఒక్కసారికి చేత్తో రాసుకుని ఎలాగోలా సర్దుకోండి మేడం."

సర్దుకోండి! ఈ మాట నాకు డెబ్బై ఏళ్ళుగా తెలుసు. అన్నదమ్ముల పుస్తకాలు చాలక నావి వాళ్ళకిచ్చినప్పుడు సర్దుకోమన్నారు. బడిలో స్టాఫ్ రూములో మగవాళ్ళకు కుర్చీలు పోగా మాకు బెంచీ మిగిలినప్పుడు సర్దుకోమన్నారు. మనుషుల కోసం సర్దుకున్నాను, దానికి బాధ లేదు. ఇప్పుడు ఒక బొమ్మ గడి కోసం ఒక మనిషి పుట్టిన సంవత్సరాన్ని సర్దుకోవాలట.

"సర్దుకోవాల్సింది నేను కాదు నాయనా, మీ డబ్బా," అని ఫోను పెట్టేశాను.

గురువారం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి పదకొండు ఐదు. ఇంటి ముందు గదిలో రెండు కంప్యూటర్లు, గోడకు తెల్ల బోర్డు. మనిషికి నలభై ఉంటాయి, కళ్ళజోడు. "రండమ్మా, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు. తాగాను. తర్వాత సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాను.

"మా సిస్టమ్‌లో బాగానే వస్తుందండీ," అన్నాడు, తెరిచి చూపిస్తూ. రెండు వేల పది అని కొట్టాడు. గడిలో ఠీవిగా కూర్చుంది.

"నా సంవత్సరం కొట్టండి. యాభై నాలుగు."

కొట్టాడు. తెర మీద వచ్చింది: పంతొమ్మిది వందల యాభై నా... మూడు చుక్కలు.

"యాభై, నా... ఏమిటండీ? నా ఖర్మ అని చదువుకోవాలా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు. "అమ్మా, పాత విద్యార్థులు ఏడాదికి నలుగురైదుగురు వస్తారేమో. వాళ్ళ కోసం..."

"సరే, మా పాతవాళ్ళ మాట వదిలేయండి. రెండు వేల ఇరవై ఎనిమిది కొట్టండి."

"ఆ సంవత్సరం ఇంకా రాలేదు కదండీ."

"వస్తుంది. ఆపగలరా? కొట్టండి."

రెండు వేల ఇరవై ఎనిమి... చుక్కలు. బస్సులో వేసుకున్న లెక్క అది. పదకొండు అక్షరాలు. పుట్టబోయే పిల్లకు కూడా ఆయన అప్పుడే తోక కోసి పెట్టాడు. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు పోయింది.

"ఫాంటు కాస్త తగ్గిస్తానండి."

"తగ్గిస్తే పిల్లల సంవత్సరం కూడా చీమల్లా అవుతుంది. లేదా మాది ఒక్కటే చీమలా ఉంటుంది. రెండూ వద్దు."

"అయితే ఈ గడి ఒక్కటి పెద్దది చేస్తా." అంకె మార్చి నడిపించాడు. గడి పొడుగైంది. పొడుగై, పక్కనున్న "చదివిన తరగతి" గడి మీదికెక్కి కూర్చుంది. ఇప్పుడు సంవత్సరం పూర్తిగా ఉంది, తరగతి లేదు.

"ఒకరికి చోటివ్వడానికి ఇంకొకరిని తొక్కేశారు," అన్నాను. "బడిలో జూన్ నెలలో ముగ్గురు కూర్చునే బెంచీకి నలుగురొస్తారు. నేను ఒక్క మాట అనేదాన్ని, జర జరుగుండ్రి అని. అందరూ తలా జానెడు జరిగేవాళ్ళు. ఎవరూ ఎవరి ఒళ్ళో కూర్చోలేదు. మీ గడులకు జరగడం రాదా?"

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చండీ. నేనే నేర్పలేదు."

అప్పుడు చెప్పాడు. జావాలో గడులు అమర్చడానికి రెండు దారులట. ఒకటి, ప్రతి గడికీ ఇక్కడ మొదలై ఇంత పొడుగు, ఇంత ఎత్తు అని చేత్తో కొలతలు రాసి మేకు కొట్టినట్టు బిగించడం. అది తొందరగా అవుతుంది. రెండోది, గడులన్నింటినీ ఒక పెద్దమనిషి చేతికి అప్పజెప్పడం. దాన్ని లేఅవుట్ మేనేజర్ అంటారు. విండో పెద్దదైనా చిన్నదైనా, మాట పొడుగైనా పొట్టిదైనా, ఎవరెంత జరగాలో అదే చూసుకుంటుంది. అడ్మిషన్లు మొదలయ్యే లోపు ఇవ్వాలని కమిటీ తొందర పెడితే ఆయన మొదటిది పట్టుకున్నాడు.

"ఒక్కో మాటకు ఎంత చోటు కావాలో ఆ పెద్దమనిషికెలా తెలుస్తుంది?"

"మాటనే అడుగుతుందండి. జావాలో ప్రతి గడీ తనకెంత పొడుగు, ఎంత ఎత్తు కావాలో చెప్పగలదు. అడిగితే చెప్తుంది."

"అడిగితే చెప్తుందా?"

"చెప్తుందండి."

"మరి మూడేళ్ళు ఎందుకడగలేదు?"

నేను డైరీ తెరిచి టైలరు మాట చదివి వినిపించాను. లోపల వదలకుంట కుట్టినోడు టైలరే గాడు. నా పాత మడిగెలో ఉన్నాయనేనా అన్నాడాయన. ఔను, ఆయనే అన్నాను. "నేను కాలేజీలో పిల్లలకు మొదటి వారమే చెప్తానండి, కొలతలు చేత్తో బిగించొద్దని," అన్నాడు, ఎటో చూస్తూ. "పరీక్షలో కూడా అడుగుతా."

ఆ మాటకు నాకు నిన్నటికంటే ఎక్కువ కోపం వచ్చింది. నాకు తెలుసు కాబట్టే వచ్చింది. రిజిస్టరుతో సరిచూడకుండా సంతకానికి పంపొద్దని గుమస్తాకు ఒక్కసారి చెప్పి ఉంటాను. మాత్రమే పెట్టమని మాత్రం వందసార్లు చెప్పాను.

"మొత్తం మార్చడానికి రెండు రోజులు పడుతుందమ్మా."

"నా బస్సు ఐదు నలభైకి. నేనిక్కడే కూర్చుంటాను. మీకు ఆరు గంటల పది నిమిషాలున్నాయి."

ఆయన గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు. పని మొదలుపెట్టాడు.

మొత్తం కాదు, ఆ ఒక్క సర్టిఫికెట్ పేజీ. గడులకు కొట్టిన మేకులన్నీ ఒక్కొక్కటే పీకాడు. వరసలుగా అప్పజెప్పాడు. రెండున్నరకు మొదటిసారి నడిపిస్తే గడులన్నీ కలిసి మధ్యలో గుంపుగా ముడుచుకున్నాయి, వానకు గొర్రెలు దగ్గరకు చేరినట్టు. తిట్టుకున్నాడు, మళ్ళీ కూర్చున్నాడు. నాలుగుంబావుకు వరసలు కుదిరాయి. ఈసారి "తొమ్మిది"లో మకారం కింది ఒత్తు సగం తెగి ఉంది. నేను వేలు పెట్టి చూపించాను. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తు ఒకటి ఇంకెక్కడో బిగించి ఉందట. "మన అక్షరాలకు కాళ్ళుంటాయి. దుప్పటి కాళ్ళదాకా రావాలి," అన్నాను. దాన్ని కూడా పీకాడు.

నాలుగు యాభైకి ఆయనే నా వైపు తిరిగి, "అన్నింటికంటే పొడుగు సంవత్సరం ఏదండీ?" అన్నాడు. ఆ ప్రశ్న మూడేళ్ళ కిందట అడగాల్సింది. అయినా అడిగాడు.

"పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. పద్నాలుగు అక్షరాలు."

కొట్టాడు. గడి సాగింది. పక్క గడి జరిగింది. దాని పక్కది కూడా కాస్త జరిగింది. చుక్కలు లేవు. విండోను పట్టి పెద్దది చేశాడు, అన్నీ కలిసి పరుచుకున్నాయి. చిన్నది చేశాడు, అన్నీ దగ్గరకు జరిగాయి. నేను మెచ్చుకోలేదు. చేయాల్సిన పని మూడేళ్ళు ఆలస్యంగా చేస్తే మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు.

"ఇంకొకటి," అన్నాను. "సంవత్సరం చివర మాత్రమే అని ప్రోగ్రామే రాయాలి. ఆఖరి అక్షరం తర్వాతే రాయాలి. మా గుమస్తా చేతికి పెన్ను దొరక్కూడదు."

పెట్టాడు. పెన్ డ్రైవులో వేసిచ్చి బస్టాండు దాకా బండి మీద దింపుతానన్నాడు. నడిచే వెళ్ళాను, కోపం ఇంకా దిగలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి బడిలో ప్రింటు తీశాం. ఆమె నాటు పని మానుకుని వచ్చి, బురద ఆరిన కాళ్ళతో తలుపు పక్కన నిలబడింది. కాగితం బయటికి రాగానే గుమస్తా చేయి తనంతట తానే జేబులోని పెన్ను మీదికి పోయింది.

"చెయ్యి తియ్!" అన్నాను. బడి మొత్తానికి వినపడి ఉంటుంది. పక్క గదిలో ఎక్కాలు చదువుతున్న పిల్లలు ఠక్కున ఆగిపోయారు.

"అలవాటు మేడం," అన్నాడు పాపం.

పన్నెండు ఇరవైకి ఆఫీసులో ఇచ్చాం. ఆయన సంవత్సరం పైకి చదివాడు. "పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది మాత్రమే." వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు.

"ముప్పై నాలుగేళ్ళ ఎనిమిది నెలల పదిహేను రోజులు," అన్నాను.

వేళ్ళు ఆపి రాసుకున్నాడు. బయటికొచ్చాక ఆమె, "ఇగ నేను ముసల్దాన్ని గాదు గదా టీచర్?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

నా పని అక్కడితో అయిపోలేదు. మూడేళ్ళలో ఇచ్చిన సర్టిఫికెట్ల నకళ్ళు ఫైలులో ఉన్నాయి. మధ్యాహ్నం గుమస్తాను పక్కన కూర్చోబెట్టి అన్నీ తిరగేశాను. పాత విద్యార్థులకు ఇచ్చినవి ఇరవై మూడు. వాటిలో ఈమెది కాక ఇంకో నాలుగింట్లో "మాత్రమే" దొంగలా కూర్చుని ఉంది. నలుగురి వయసు మార్చి ఊరి మీదికి పంపాం, ఒక్కరికీ చెప్పకుండా! గుమస్తా చేతే నలుగురికీ ఫోన్లు చేయించాను. ముగ్గురు వచ్చి మార్చుకుంటామన్నారు. నాలుగో ఆయన గొర్రెలు కాస్తాడు. అరవై తొమ్మిదిలో పుట్టాడు, కాగితం మీద అరవైలో పుట్టాడు. ఫోను నేనే తీసుకున్నాను.

"టీచరమ్మా, దండం. గది గట్లనే ఉండనీయుండ్రి. గా కాయితం పెట్టే పింఛనుకు రాసిన్న. తొమ్మిదేండ్లు నాకెక్కువైతే మీకేంది బాధ?"

"అబద్ధం కదా."

"నేను చెప్పిన్నా? మీ కంప్యూటర్ చెప్పింది. బడిల మీరు సగం జవాబు రాస్తే సున్నా ఏస్తిరి. ఇప్పుడు మీ బడే సగం రాసె."

అయినా ఆయన కాగితం చెల్లదని పింఛను ఆఫీసుకు ఉత్తరం రాయించి, సరైనది జతచేసి పంపించాను. నన్ను తిట్టుకుంటూనే ఉంటాడు. తిట్టుకోనీ. ఆ తిట్లలో సగం కోదాడకు పోవాలి.

నెల దాటాక జాబితా వచ్చింది. నా విద్యార్థిని పేరు అందులో ఉంది. చేరిన రోజు సాయంత్రం ఫోను చేసింది. వెనక పిల్లల గోల.

"టీచర్, గీడ రిజిస్టర్ల నా పుట్టిన తేదీ అక్షరాలల్ల రాయమన్నరు. నా చేత్తోనే రాసిన."

"సంవత్సరం పూర్తిగా రాశావా?"

"మొత్తం రాసిన. పదమూడు అక్షరాలు, లెక్కవెట్టుకున్న. కానీ డబ్బా సరిపోలే టీచర్. తొమ్మిది గీత దాటి పక్క గడిలకు పోయింది. మార్జిన్ గూడ దాటింది. తిడ్తరా?" అంది.

తిట్టలేదు. మాత్రమే అని రాసిందో లేదో అడిగాను.

"గీత అవతల రాసిన," అంది.